మిర్చి, వాగ్యా, ఒక సోలాపూర్ చద్దరు

గ్రేహౌండ్స్ అనగానే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది పోలీసులే. ఆ దళం పెట్టిన 1989 నాటికి నాకు పెళ్లయి రెండేళ్లు. బోధన్‌లో పుట్టి పెరిగి, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌కు కోడలిగా వచ్చాను. ఇక్కడ పిల్లలకు బడి మరాఠీలో, బజారులో బేరం హిందీలో, ఇంట్లో మాట తెలుగులో. నిజామాబాద్ వైపు నుంచి తెలుగు పేపరు వస్తే మా మామయ్య చదివాక నా చేతికి వచ్చేది. గ్రేహౌండ్స్ అన్న మాట నేను చూసింది అందులోనే. అది ఒక కుక్క జాతి పేరని తెలిసేసరికి నాకు యాభై దాటాయి.

2019 అక్టోబరులో మా బిడ్డ దగ్గరికి అమెరికా వెళ్లాను. వాళ్లుండేది ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో. ఆరు నెలలకని వెళ్లినదాన్ని. మార్చిలో కరోనాకు విమానాలు ఆగిపోయి, చివరికి ఆగస్టులో వందే భారత్ విమానం దొరికి ఇల్లు చేరాను. నేను వెళ్లిన నెలకే ఒక రోజు మా అల్లుడు వచ్చి, "అత్తమ్మా, మన ఫారం ఓకే అయింది, శనివారం గ్రేహౌండ్ వస్తోంది" అన్నాడు. మనవడికి అప్పుడు ఏడేళ్లు. వాడు ఆ రాత్రి నిద్రపోలేదు.

ఎందుకు ఇప్పుడు, ఎందుకు ఈ కుక్కే అని అడిగితే అల్లుడు కూర్చోబెట్టి చెప్పాడు. అక్కడ గుర్రప్పందేల లాగే కుక్కల పందేలు. ఒక బొమ్మ కుందేలు కరెంటు మీద పట్టా వెంట ముందు పరుగెడుతుంది, వెనకాల ఎనిమిది కుక్కలు. జనం డబ్బు కాస్తారు. 1919లో ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన కాలిఫోర్నియాలో మొదటి ట్రాకు ఇలాంటి యంత్రం కుందేలుతో నడిపాడట. అంతకుముందు బతికున్న కుందేలునే వదిలేవాళ్లు. నూరేళ్లు సాగాక, 2018 నవంబరులో ఫ్లోరిడా జనం ఓటేసి ఇక వద్దన్నారు. నూటికి 69 మంది. 2020 డిసెంబరు ఆఖరుకు అన్నీ ఆపేయాలని గడువు. అంటే నేనున్న ఆ పది నెలల్లోనే ట్రాకులు మూతపడుతున్నాయి, వేల కుక్కలకు ఇళ్లు కావాలి. గాండీ వంతెన దాటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిగితే డర్బీ లేన్ అనే ట్రాకు ఉండేది. 1925 నుంచి నడిచింది. ఆ దారిన పోయినప్పుడల్లా కారు కిటికీలోంచి చూసేదాన్ని. లోపలికి వెళ్లాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

కుక్కను ఇచ్చే సంస్థవాళ్లు అంత తేలిగ్గా ఇవ్వలేదు. ముందు ఫారం నింపాలి. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు ఇంటికి వచ్చారు. పెరటి కంచె ఎత్తు చూశారు, గేటు గొళ్లెం పడుతుందా లేదా అని తీసి వేసి చూశారు, పగలు ఇంట్లో ఎవరుంటారని నన్ను అడిగారు. పిల్లనిచ్చేముందు మన పెద్దలు వెళ్లి విచారించి వచ్చినట్టే ఉంది. చివర్లో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఎప్పుడైనా పెంచుకోలేకపోతే బయట ఎవరికీ ఇవ్వకూడదు, తెచ్చి తమకే అప్పగించాలి. ఆ ఒక్క షరతు నాకు చాలా నచ్చింది. మన దగ్గర కుక్కపిల్లను అమ్మేవాళ్లు ఒక్కరైనా ఈ మాట అంటారా?

శనివారం వచ్చింది. ఎర్రటి ఒళ్లు, నల్లటి మూతి, ఇరవై ఏడు కిలోలు, తొడల వెనక వెంట్రుకలు రాలి నున్నటి చర్మం. ట్రాకులో దానికి ఏదో పొడుగాటి పేరుంది. మా మనవడు ఆ రంగు చూసి, తాత మిర్చి వ్యాపారం తలచుకొని, మిర్చి అని పేరు పెట్టాడు.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర ఎండలో దాని చెవులు తిప్పి చూశాం. లోపలి వైపు, పలచటి గులాబీ రంగు చర్మం మీద ఆకుపచ్చ పచ్చబొట్టు. ఎడమ చెవిలో అంకెలు, అది ఆ ఈత పిల్లలందరికీ కలిపి ఇచ్చిన నంబరు. కుడి చెవిలో 36సి. అల్లుడు చదివి చెప్పాడు. 3 అంటే మార్చి, 6 అంటే 2016, సి అంటే ఆ ఈతలో మూడోది. నేను వేలితో తడుముతుంటే అది తల కదపకుండా నిలబడింది, అలవాటైనట్టు. మా నానమ్మ చేతి మీద కూడా ఇలాంటి ఆకుపచ్చ పచ్చబొట్టే ఉండేది. కానీ అది ముచ్చటపడి పొడిపించుకున్నది. ఇది లెక్క కోసం పొడిచింది. చాలాసేపు ఆ చెవి వదలబుద్ధి కాలేదు.

నాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టిన సంగతి ఒకటుంది. మిర్చికి ఇల్లు అంటే తెలియదు. మూడేళ్ల ఎనిమిది నెలల వయసు, గంటకు డెబ్బై కిలోమీటర్ల దాకా పరుగెత్తే జాతి, అయినా మెట్లు తెలియవు. అద్దం తలుపు తెలియదు, మొదటి రోజే వెళ్లి ముక్కు కొట్టుకుంది. మేము దానికి అడ్డంగా రంగు కాగితాలు అంటించాం. టీవీలో మనిషి మాట్లాడితే టీవీ వెనక్కి వెళ్లి చూసింది. మిక్సీ చప్పుడుకు వణికింది. పుట్టినప్పటి నుంచి తోటి కుక్కల మధ్యే పెరిగింది, పెద్దయ్యాక బోనులో ఉంది. బయటికి వదిలే వేళకు వదలడం, ట్రాకు, మళ్లీ బోను. ఒంటరిగా ఉండటం దాని బతుకులో ఎన్నడూ లేదు. అందుకే అల్లుడు ఆఫీసుకు, బిడ్డ ఆఫీసుకు, మనవడు బడికి వెళ్లి, నేను స్నానానికి తలుపు వేసుకుంటే చాలు, బయట ఏడుపు. మొరగడం కాదు. పసిపిల్ల ఏడిచినట్టే ఉండేది.

మెట్ల సంగతి చెప్పాలి. పైన పడకగదులు, మధ్యలో పద్నాలుగు మెట్లు. మిర్చి కింద నిలబడి పైకి చూసేది, కాళ్లు సన్నగా వణికేవి. అల్లుడు దాని వెనక కూర్చున్నాడు. నేను మూడో మెట్టు మీద స్టీలు గిన్నెలో ఉడికించిన చికెన్ ముక్కలు పట్టుకుని కూర్చున్నాను. ఆయన దాని ముందు కాలు ఎత్తి మొదటి మెట్టు మీద పెట్టాడు. తర్వాత రెండో ముందు కాలు. అప్పుడు అది సాగదీసిన విల్లులా ఆగిపోయింది. వెనక కాళ్లు ఏం చేయాలో దానికి తెలియలేదు. ఒక వెనక కాలు ఎత్తి పెట్టాడు, పాదం కింద మెట్టు తగలగానే దాని గోళ్లు తివాచీలో దిగాయి. నాలుగో కాలు అదే పెట్టుకుంది. ఒక్క మెట్టుకు పావుగంట. ముక్క తిన్నది, నా మోకాలికి ఆనుకుని నిలబడింది. ఆ రోజు రెండు మెట్లు. ఆరో రోజుకు పైకి ఎక్కింది. దిగడం ఇంకో వారం. మా బిడ్డ నడక నేర్చినప్పుడు కూడా నేను ఇంత నిదానంగా లేనేమో అనిపించింది. అప్పుడు నాకు ఇంటెడు చాకిరీ. ఇప్పుడు తీరిక ఉంది.

ఆనుకోవడం ఈ కుక్కల పద్ధతి. తోక ఊపి మీద పడవు. వచ్చి, ఒళ్లంతా మన కాలి మీద బరువేసి నిలబడతాయి. సంతోషం ఎక్కువైతే పళ్లు టకటకలాడిస్తాయి, చలికి మనకు కొట్టుకున్నట్టు. మొదటిసారి అది విని జ్వరమేమోనని హడలిపోయాను.

జనవరిలో ఒక చెడ్డ రోజు వచ్చింది. మిర్చి సోఫా పక్కన కళ్లు సగం తెరిచి నిద్రపోతోంది. ఈ జాతిలో చాలా కుక్కలు అలాగే నిద్రపోతాయి. మనవడు మెలకువగా ఉందనుకుని మీద వాలి ముద్దు పెట్టబోయాడు. అది ఉలిక్కిపడి గుర్రుమని వాడి బుగ్గ దాకా మూతి తెచ్చింది. పన్ను తగల్లేదు. కానీ వాడు ఏడ్చాడు, నా బిడ్డ వణికిపోయింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వెనక్కి ఇచ్చేద్దామా అన్న మాట కూడా వచ్చింది. అల్లుడు ఆ సంస్థవాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు తప్పు కుక్కదని అనలేదు, పిల్లవాడిదని అనలేదు. బోనులో పడుకున్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకుని లేపలేదు, అందుకే ఉలిక్కిపడుతుంది. ముందు పేరు పెట్టి పిలవండి, తల ఎత్తాకే దగ్గరికి వెళ్లండి, పడుకునే చోటు పిల్లలు నడవని మూలకు మార్చండి అన్నారు. మేము ఆ మాట నేల మీద సుద్దముక్కతో గీత గీసినంత గట్టిగా పాటించాం. మళ్లీ అలాంటిది జరగలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ కుక్కనైనా తెచ్చుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఫ్లోరిడాలో చలి ఏముంటుంది అనుకుంటాం కానీ జనవరి పొద్దులు చల్లగానే ఉంటాయి. ఈ కుక్కల ఒంట్లో కొవ్వు ఉండదు, బొచ్చు పలచన. పొద్దున్నే గడ్డిలోకి తీసుకెళ్తే కాళ్లు ముడుచుకుని ఇంటి వైపే లాగేది. నేను వెళ్లేటప్పుడు బిడ్డకని సోలాపూర్ చద్దరు ఒకటి తీసుకెళ్లాను, నీలం మీద తెల్ల పువ్వులది. దాన్ని సగానికి కత్తిరించి, మిర్చి మెడ నుంచి తోక దాకా కొలిచి, పొట్ట కింద పట్టీ పెట్టి కోటు కుట్టాను. మెడ కొలిచేటప్పుడే తెలిసింది, దాని తల కంటే మెడే లావు. మామూలు పట్టా వేస్తే తల వెనక్కి లాగి జారిపోతుంది. లాగితే బిగిసే రకం పట్టా వేరే ఉంటుంది, అదే వేయాలి. ఉడతను చూస్తే చాలు, మూడు అంగల్లో అందనంత దూరం పోతుంది. ఎన్నేళ్లు పెంచినా తాడు లేకుండా వదలకూడదు.

ఫిబ్రవరిలో పళ్లు శుభ్రం చేయించడానికి మత్తు ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి కుక్కల పళ్లు చాలా వరకు పాడై ఉంటాయి. అక్కడి డాక్టరమ్మ అల్లుడికి చెప్పిన మాటలు నేను శ్రద్ధగా విన్నాను. గ్రేహౌండ్లకు థయోపెంటాల్ లాంటి మత్తు మందు పనికిరాదు, కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును తొందరగా విరగ్గొట్టలేదు, లేవడానికి చాలాసేపు పడుతుంది. రక్తపరీక్షలో ఎర్రకణాలు మామూలు కుక్కల కంటే ఎక్కువగా, థైరాయిడ్ తక్కువగా కనిపిస్తే అది జబ్బు కాదు, వాటి తీరే అంత. ఈ మాటలు మూడేళ్ల తర్వాత నాకు ఇక్కడ అక్కరకొస్తాయని అప్పుడు తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు చద్దరు మిగతా సగం బిడ్డ నా పెట్టెలో పెట్టింది. అదే ఏడాది డిసెంబరు 27న డర్బీ లేన్‌లో ఆఖరి పందెం జరిగిందని ఫోన్ చేసి చెప్పింది. 2022 చివర ఆర్కాన్సా రాష్ట్రంలోని ట్రాకు కూడా మూతపడింది. ఆ దేశంలో ఇక మిగిలింది వెస్ట్ వర్జీనియా ఒక్కటే.

ఇక వాగ్యా సంగతి. 2023 జనవరి. మిర్చి సీజన్ మొదలై మా ఆయన అడ్తి దుకాణం ముందు ఎర్ర కుప్పలు. ఒక సాయంత్రం డబ్బా తీసుకుని వెళ్తే, కాంటా పక్కన వేపచెట్టుకు ఒక కుక్క కట్టేసి ఉంది. దూరం నుంచి చూసి నా గుండె ఆగినంత పనైంది. అదే పొడుగు మూతి, అదే వంగిన నడుము, అదే లోతైన ఛాతి. మిర్చే వచ్చి నిలబడిందా అనిపించింది. ఎడమ ముందు కాలు విరిగి వంకరగా అతుక్కుంది. మిరప ఘాటుకు ఆగకుండా తుమ్ముతోంది. నాలుగు రోజుల నుంచి ఉందట. హమాలీలు తమ జొన్నరొట్టెల్లోంచి ముక్కలు వేస్తున్నారు.

అది కార్వానీ. ఈ లాతూర్, నాందేడ్ ప్రాంతాల్లో తరాల నుంచి పెంచే వేట జాగిలం. కర్ణాటకలో దీని దాయాదినే ముధోళ్ హౌండ్ అంటారు. మా పక్కన నిర్మల్ జిల్లాలో ఉన్న ముధోల్ కాదు, బాగల్‌కోట్ జిల్లాలోని ముధోళ్. 2005లో తపాలా బిళ్ల మీద కూడా వేశారు. ఈ కుక్క మెడపట్టాకు గజ్జెలు, గజ్జెల సందుల్లో పసుపు. చూడగానే తెలిసింది, మాలేగావ్ జాతర పసుపు. మనం మల్లన్న అనే దేవుణ్ణే ఇక్కడ ఖండోబా అంటారు, మాలేగావ్‌లో ఆయన జాతరకు గుర్రాలు, గాడిదలు, కుక్కలు అన్నీ వస్తాయి, కుక్కలకు ప్రదర్శన పెట్టి బహుమతులు ఇస్తారు. ఖండోబా పటంలో గుర్రంతో పాటు కుక్క ఉంటుంది. ఆ పటానికి దండం పెట్టి, పసుపు చల్లించి, కాలు విరిగాక కాంటా దగ్గర కట్టేసి వెళ్లడానికి మనిషికి చేతులెలా వచ్చాయో నాకు ఈరోజుకీ అర్థం కాదు.

హమాలీ ఒకతను చెప్పాడు, చెలకల్లో కుందేళ్ల వెంట వదిలితే బొరియలో కాలు పడి విరిగిందట. కుందేలును వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా రాత్రిళ్లు లైట్లు వేసుకుని పోతూనే ఉంటారు. అమెరికాలో నూరేళ్ల కిందటే ట్రాకుల్లో కుందేలును బొమ్మగా మార్చారు. ఇక్కడ ఇంకా కుందేలూ చస్తోంది, కుక్క కాలూ విరుగుతోంది.

మా ఆయన ఒప్పుకోలేదు. "ఏమే, గదేం కుక్కనే? కుంటిది. మనింట్ల ఎన్నడన్న కుక్కను లోపటికి రానిచ్చినమా?" అన్నారు.

"ఆర్నెల్లు ఏమనకుండ్రి. గంతే అడుగుతున్న" అన్నాను.

"ఆర్నెల్లయినంక?"

"అయినంక మీరే జూడుండ్రి."

వాగ్యా అన్న పేరు హమాలీలు పెట్టిందే. ఇంటికి తెచ్చిన రాత్రి అది గడప దాటలేదు. గడప బయట మెడ చాచి, లోపలి బండల మీద ముక్కు ఆనించి పడుకుంది. నేను లాగలేదు. మిర్చి దగ్గర నేర్చుకున్నది అదే. స్టీలు గిన్నెలో పెరుగు కలిపిన జొన్నరొట్టె గడపకు జానెడు లోపల పెట్టాను, మర్నాడు మూరెడు లోపల. పదకొండో రోజు వంటింటి దాకా వచ్చింది. ఉల్లిపాయ పడిన కూర, పులుసు మాత్రం పెట్టను. ఉల్లి కుక్కల రక్తాన్ని పాడు చేస్తుంది, మిగిలిన కూరన్నం పెట్టడం మన ఇళ్లలో మామూలే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. పక్కింటావిడ గోడ మీంచి, "కాయ్ వహినీ, కుత్ర్యాలా ఉపాశీ ఠేవతా కా?" అని అడిగేది, కుక్కను పస్తు పెడుతున్నావా అని. దాని తీరే అంత, వెనక రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తేనే ఆరోగ్యం అని చెప్పీ చెప్పీ, చివరికి ఆమే వచ్చేపోయేవాళ్లకు చెబుతోంది.

ఆ వానాకాలంలో ముళ్లకంచె తగిలి వాగ్యా పక్క చర్మం జానెడు చీలింది. ఈ జాతుల చర్మం కాగితంలా ఉంటుంది. నాందేడ్‌కు జీపులో తీసుకెళ్లాం. కుట్లకు మత్తు ఇవ్వాలన్నారు. నేను డాక్టరుతో, "సార్, ఇది గ్రేహౌండ్ ఒంటి తీరు కుక్క, థయోపెంటాల్ వద్దు" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, చేతిలో సీసా పక్కన పెట్టి, వేరే మందు తీశారు. తూకం రెండుసార్లు చూసి, కొంచెం కొంచెంగా ఎక్కించారు. నలభై నిమిషాల్లో అది కళ్లు తెరిచి నా చెయ్యి నాకింది. బయట బెంచీ మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. టీ తెచ్చిన గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

నన్ను చాలామంది అడుగుతుంటారు, హైదరాబాద్‌లో గ్రేహౌండ్ పిల్ల దొరుకుతుందట, కొనమంటారా అని. వద్దంటాను. ట్రాకు నుంచి దిగిన కుక్కకు ఇల్లివ్వడం వేరు, పిల్లను పుట్టించి అమ్మేవాడికి డబ్బులివ్వడం వేరు. మీ ఊరి కాంటా పక్కన, బస్టాండు వెనక, పరుగు అయిపోయిందని ఎవరో వదిలేసినది ఒకటి తప్పకుండా ఉంటుంది. దానికి నాలుగేళ్లుండొచ్చు, ఇంకా ఎనిమిదేళ్ల ఆయుష్షు ఉంటుంది. పెద్ద కుక్కకు ఇల్లు అలవాటు కాదనే మాట నేను నమ్మను. అవుతుంది, మెట్టుకు పావుగంట చొప్పున.

మిర్చికి ఇప్పుడు మూతి తెల్లబడింది. మెట్లు ఎక్కడం మళ్లీ కష్టమైంది, ఈసారి వయసు వల్ల. అల్లుడు దాని పరుపు కిందికి తెచ్చాడు. మనవడు కూడా పరీక్షలప్పుడు కిందే చదువుకుంటున్నాడట. వీడియో కాల్‌లో నేను పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తుతుంది. ఆ గొంతు విని ఇక్కడ వాగ్యా లేచి వస్తుంది.

చద్దరు మిగతా సగంతో వాగ్యాకు కోటు కుట్టాను. ధర్మాబాద్‌లోనూ డిసెంబరు పొద్దులు చల్లగానే ఉంటాయి, వంకర కాలు పొద్దున పట్టేస్తుంది. మూడు చలికాలాలు వాడేసరికి ఆ కాలి దగ్గర పిగిలిపోయింది. మొన్న మా ఆయన సోలాపూర్ నుంచి వచ్చే వ్యాపారితో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. మిరప ధర అంతా అయ్యాక, "ఒక చద్దరు కూడా తెండి, కొంచెం మందంది" అన్నారు.